రంగం నుండి తిరిగి వచ్చినవారు

‘కాందిశీకుడు’ అన్న మాటకు పండితులు చెప్పే వ్యుత్పత్తి మనసును పట్టి నిలుపుతుంది. ‘ఏ దిక్కునకు పోదును?’ అని తనను తాను అడుగుకొంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడట. భయం చేత పారిపోయేవాడని అమరకోశం అర్థం చెప్పినది. వెనుక తరిమే భయం ఉన్నది. ముందు తెలిసిన దారి లేదు. ఆ రెండింటి నడుమ చిక్కిన మనిషిని ఈ ఒక్క పదం పట్టి చూపుతుంది. ‘శరణార్థి’ అన్న మాట దీనికి కొంత దూరం. శరణు కోరేవానికి తాను ఎవరి వాకిట నిలుచున్నదీ అయినా తెలుసు. ఇక మూడవ మాట ఒకటి కలదు. అది కవులు పుట్టించినది కాదు, కచేరీలు పుట్టించినది. పరదేశంలో బ్రతుకు సాగక వచ్చిన తన ప్రజలను సర్కారు ‘స్వదేశానికి తిరిగి వచ్చినవారు’ అని దస్త్రాలలో వ్రాసుకొన్నది.

ఈ మూడు మాటలూ ఒకే జనానికి, ఒకే శతాబ్దంలో వర్తించిన సందర్భం తెలుగునాట ఉన్నది. అది బర్మా తెలుగువారి చరిత్ర. దేశ విభజన అనగానే 1947, పంజాబు, బెంగాలు మనకు గుర్తు వస్తవి. కిక్కిరిసిన రైళ్ళు, నెత్తిన మూటలతో సాగే బారులు కన్నుల ముందు మెదలుతవి. ఆ గాయం ఉత్తరాదిదని, తెలుగువారిని అది తాకలేదని ఒక నమ్మకం ఉన్నది. కాని ఆంగ్లేయుల భారత సామ్రాజ్యం నుండి ఒక దేశం విడివడిపోవడం 1947కు పదేళ్ళ ముందే జరిగినది. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మాను భారతదేశం నుండి వేరుచేసినారు. ఆనాడు ఎవరూ ఇల్లు విడిచి పరుగెత్తలేదు. అందుచేత ఆ తేదీ ఎవరికీ గుర్తు లేదు. అయినా ఆ గీత మీదనే తరువాత రెండుసార్లు జనం కదిలినారు. అందులో తెలుగువారు వేలకు వేలు.

కోరంగి రేవు, రంగం రేవు

అనకాపల్లి అనగానే బెల్లం తలపునకు వస్తుంది. శారదానది నీటితో పండే చెరకు, గానుగల దగ్గర కాగే పానకం, దేశమంతటికీ ఎగుమతి అయ్యే బెల్లపు దిమ్మలు ఈ ఊరికి పేరు తెచ్చినవి. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధనా కేంద్రం వెలసినది. కాని ఏటి నీరు అందిన చేనుకే చెరకు. ఆ నీరు అందని మెట్టపల్లెలు చుట్టూ ఎన్నో ఉండేవి. జమీందారీ శిస్తులు, వాన తప్పిన ఏటి కరవులు, కోతలైన తరువాత పని దొరకని నెలలు, ఇవి నాటి విశాఖపట్నం జిల్లాలో కూలివాని బ్రతుకును చుట్టుకొని ఉండేవి. 1896–97 నాటి కరవు గంజాం, విశాఖపట్నం జిల్లాలను గట్టిగా దెబ్బతీసినది. అనకాపల్లి, చోడవరం, మాడుగుల ప్రాంతాల పేదవానికి ఆనాడు కనుపించిన దారి సముద్రం మీదుగా పోయేది.

ఆ దారికి అటు కొసన ఉన్నది రంగూను. తెలుగు నోట అది ‘రంగం’ అయినది. ఆంగ్లేయులు 1826, 1852, 1885 సంవత్సరాలలో మూడు యుద్ధాలు ముగించి బర్మాను అంచెలంచెలుగా కలుపుకొన్నారు. 1852లో దిగువ బర్మా చేతికి వచ్చిన తరువాత ఐరావతీ నది ముఖద్వార భూములు వరిమళ్ళుగా మారినవి. 1869లో సూయజ్ కాలువ తెరచుకొనడంతో బర్మా బియ్యానికి ఐరోపా బజారు దగ్గరైనది. మిల్లులలో ధాన్యం ఆడడానికి, రేవులో బస్తాలు మోయడానికి, రైలుదారులు వేయడానికి మనుషులు కావలసివచ్చినారు. ఆ మనుషులు విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుండి ఓడలలో డెక్కు మీద కూర్చుండి వెళ్ళినారు. మూడు నాలుగు దినాల ప్రయాణం. ఊళ్ళో దొరికే కూలికి రెట్టింపు, అంతకు మించి అక్కడ దొరికేది. దూరపు కొండలు నునుపు అన్నది తెలియక కాదు. దగ్గరి కొండలు మరీ గరుకు అయినందున వెళ్ళినారు.

వెళ్ళేవానిని చేయి పట్టుకొని తీసుకొనిపోయినవాడు మేస్త్రీ. ఓడ ఛార్జీ అతడే పెట్టేవాడు, ఇంట్లో ఖర్చులకు కొంత బయానా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలి అతని చేతి మీదుగానే రావలె. వచ్చే కూలిలో అతని వాటా అతడు పట్టుకొనగా మిగిలినదే మోసినవానికి. పనివాళ్ళు ఇరుకు గదులలో పదుల కొద్దీ పడుకొనేవారు. భారతదేశపు కార్మికుల స్థితిగతులు విచారించడానికి 1929లో ఏర్పడిన రాయల్ కమిషను రంగూను కూలీల బసలను, మేస్త్రీల పద్ధతినీ పరిశీలించినది.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిని ప్రాభవం కోల్పోయినా, దాని పేరు మాత్రం సముద్రం దాటి బ్రతికినది. బర్మాలో తెలుగువానిని ‘కొరంగీ’ అనేవారు. పిలిచేవారి నోట అది తేలికమాటే. రేవులో బస్తా మోసేవాడు, రిక్షా లాగేవాడు, వీధులు ఊడ్చేవాడు ఎక్కువగా తెలుగువాడే కావడంతో పేరుకు పనికీ ముడి పడినది. కాని ఆ చెమటే రంగూను నగరాన్ని నడిపినది. 1931 జనాభా లెక్కలలో రంగూను జనం నాలుగు లక్షలు. అందులో సగానికి మించి భారతీయులు. బర్మా మొత్తం మీద భారతీయులు పది లక్షల పైచిలుకు, వారిలో తెలుగువారు లక్షన్నరకు మించి ఉన్నారు.

ఇక్కడి ఊళ్ళకు ఆ దేశం కొత్తది కాదన్న మాట కూడా చెప్పుకోవలె. అనకాపల్లికి ఆనుకొని శంకరం గ్రామం దగ్గర బొజ్జన్నకొండ ఉన్నది. కొండరాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు ఒకనాటి బౌద్ధాన్ని గుర్తుచేస్తవి. దిగువ బర్మాలోని మోను జాతివారికి ఉండిన ‘తలైంగ్’ అన్న పేరు ‘తెలింగ’ నుండి పుట్టినదని కొందరు పండితులు ఊహించినారు. కాదన్నవారూ ఉన్నారు, వాదం తేలలేదు. పేరు సంగతి ఎట్లున్నా, ఈ తీరానికీ ఆ తీరానికీ రాకపోకలు పాతవే. పూర్వం ధర్మం, లిపి, వర్తకం ఆ ఓడలలో ప్రయాణం చేసినవి. ఆంగ్లేయుల కాలంలో అదే సముద్రం మీద ఆకలి ప్రయాణం చేసినది.

గీత గీచిన తరువాత

ఒకచోట పని తక్కువై, చేతులు ఎక్కువైనప్పుడు మనుషుల నడుమ తెర లేస్తుంది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. యజమానులు వారికి బదులు బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే, కొత్తగా వచ్చిన బర్మీయులను పొమ్మన్నారు. మే 26వ తేదీన రేవులో మొదలైన ఘర్షణ నగరమంతా పాకినది. వందకు మించి మరణించినారు; చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. పేదవాడు పేదవాని మీద పడినాడు. ఆ పేచీ పెట్టిన లెక్కల పుస్తకం మాత్రం ఎవరి చేతికీ చిక్కలేదు. 1938 జూలైలో మళ్ళీ భారతీయుల మీద అల్లర్లు చెలరేగినవి.

ఈ రెండు అల్లర్లకు నడుమనే 1937 నాటి విభజన జరిగినది. ఒకే ప్రభుత్వం కింద ఒక జిల్లా నుండి ఇంకొక జిల్లాకు కూలికి పోయినట్లు వెళ్ళినవాడు ఒక్క రోజులో పరదేశంలో ఉన్నవాడైనాడు. కదలినది అతడు కాదు. సరిహద్దు అతని మీదుగా కదలిపోయినది. 1941 జూలైలో వలసలను అదుపు చేస్తూ రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకొన్నవి. అది బర్మాలోని భారతీయులకు అవమానకరమని గాంధీజీ నిరసించినారు. ఒప్పందం నెమ్మదిగా అమలు కావలసి ఉండగా యుద్ధం తొందరపడినది.

కొండలు దాటి

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిసినవి. రేవు కూలీలు ప్రాణభయంతో ఉత్తరంగా పరుగెత్తినారు. రేవు ఆగిపోతే యుద్ధమే ఆగిపోతుందని, వారిని అధికారులు నచ్చచెప్పి వెనక్కు మళ్ళించినారు. బాంబులు మళ్ళీ పడినవి. జనం మళ్ళీ కదలినారు. 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమైనది. ఓడలలో చోటు కొద్ది. అదీ డబ్బు ఉన్నవారికి. మిగిలినవారికి కాళ్ళే వాహనాలు.

కొందరు ప్రోము పట్టణం నుండి ఆరకాను కొండలు దాటి, తౌంగప్ కనుమ మీదుగా సముద్రతీరం చేరి, అక్కడి నుండి చిట్టగాంగు వైపు పడవలెక్కినారు. కొందరు చింద్విను నది దాటి తమూ మీదుగా మణిపురం కొండలు ఎక్కి దిమాపూరు రైలు అందుకొన్నారు. చివరకు మిగిలినవారు వానకాలంలో హుకాంగు లోయ గుండా అస్సాంలోని లేడో దిక్కుకు నడచినారు. దారిలో కలరా, మలేరియా, జలగలు, ఆకలి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఇంకొక దారి ఏర్పరచినారన్న ఆరోపణ అప్పుడే దేశమంతటా వినవచ్చినది. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ కొన్ని నెలలలో బర్మా విడిచి వచ్చినారని అంచనా. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ సరిగా వ్రాయలేదు; పదివేలని ఒకరు, యాభైవేలు ఉండవచ్చునని ఒకరు అన్నారు. ‘ఏ దిక్కునకు పోదును?’ అన్న ప్రశ్న అక్షరాలా నిజమైన సందర్భం అది.

వచ్చినవారిని సొంత తీరం ఎట్లా ఎదుర్కొన్నదో చూడవలె. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. పట్టణంలోని జనం మూటలు కట్టుకొని పల్లెలకు తరలినారు. బాంబులకు వెరచి వేల మైళ్ళు నడచి వచ్చినవానికి, ఇంటి గడపలోనూ అవే బాంబులు ఎదురైనవి. బర్మా నుండి బియ్యం రావడం ఆగిపోగా ధరలు పెరిగినవి. రంగంలో మిల్లాడినవానికి సొంత ఊళ్ళో గింజ కరవైనది. వాల్తేరు స్టేషనులోనో అనకాపల్లి స్టేషనులోనో రైలు దిగి, బండిబాటలు పట్టి పల్లెలు చేరినవారిలో ఎక్కువమంది అంతకుముందు ఊరు విడిచి వెళ్ళిన మగవారే. వారికి ఇక్కడ తల్లో, ఆలో, అన్నదమ్ములో ఉన్నారు. కడుపు నిండకపోయినా తలదాచుకొనే చూరు ఉన్నది. ఆ రాక బాధాకరమే అయినా, అది ఇంటికి రావడమే. దానికి శిబిరాలు, పథకాలు పెద్దగా లేవు. చుట్టరికమే శిబిరం, పొలంలో కూలే పథకం.

రెండవసారి

యుద్ధం ముగిసిన తరువాత కొందరు తిరిగి వెళ్ళినారు. కాని తలుపు మునుపటివలె బార్లా తెరచి లేదు. 1947లో బర్మా వలసల మీద కట్టడి చట్టం చేసినది. 1948 జనవరి 4వ తేదీన ఆ దేశం స్వతంత్రమైనది. పౌరసత్వ చట్టం వచ్చినది. పౌరసత్వం కోరుకొన్నవారు కొందరు. కాగితాల విలువ తెలియక, ఎప్పటికైనా ఊరికి పోతాములే అనుకొంటూ ఊరకున్నవారు ఎందరో. ఎక్కడికో పోవలెనన్న తలపు మనసులో ఉంచుకొని ఉన్నచోటనే పిల్లలను కని, పెళ్ళిళ్ళు చేసి, వృద్ధులైనారు. ఈ తరం మారిపోయినది. మగవాడు ఒంటరిగా పోయి రావడం కాక, కుటుంబం అక్కడ వేళ్ళూనినది. కూలివాని కొడుకు చిన్న దుకాణం పెట్టినాడు, మరొకడు గుమాస్తా అయినాడు.

1962 మార్చి 2వ తేదీన జనరల్ నేవిను సైనికబలంతో అధికారం చేజిక్కించుకొన్నాడు. వర్తకం, పరిశ్రమలు వరుసగా జాతీయం అయినవి. 1964 మార్చి 19వ తేదీన రంగూనులోని దుకాణాలను సర్కారు స్వాధీనం చేసుకొన్నది. అదే సంవత్సరం మే 17వ తేదీన యాభై, నూరు చ్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించినది. దుకాణం పోయిన రెండు నెలలకు పెట్టెలోని సొమ్మూ పోయినది. పౌరసత్వం లేనివానికి పని దొరకడమే దుర్లభమైనది. భారత ప్రభుత్వం ఓడలు ఏర్పాటు చేసినది. పోయేవారు వెంట తీసుకొనిపోదగిన రొక్కం, నగలు అతి స్వల్పమని అక్కడి ప్రభుత్వం కట్టడి చేసినది. మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవులలో ఓడలు దిగిన జనం కొన్నేళ్ళ పాటు వస్తూనే ఉన్నారు. 1963 నుండి లెక్కిస్తే లక్షన్నరకు పైగా వచ్చినారు. వారిలో తమిళులు అధికం, తరువాత తెలుగువారు.

ఈసారి కొండలు లేవు, కలరా లేదు, బాంబులు లేవు. చేతిలో కాగితం ఉన్నది. ఆ కాగితంలో ‘తిరిగి వచ్చినవారు’ అని ఉన్నది. కాని వచ్చినవారిలో సగం మంది ఎక్కడి నుండి తిరిగి ఎక్కడికి వచ్చినట్లు? బర్మాలో పుట్టి, బర్మాలో పెరిగి, విశాఖ రేవును జన్మలో మొదటిసారి చూస్తున్న పిల్లవాడు ‘తిరిగి’ రావడం ఎట్లా కుదురుతుంది? తాత విడిచిన ఊరికి మనుమడు చేరినాడు. ఒక మనిషి ప్రయాణం మూడు తరాలు పట్టినది. తెలుగులో ఇంటిపేరు పెక్కుసార్లు ఊరిపేరే అవుతుంది. తాతల నాటి నివాసాన్ని చెప్పే ఆ ఇంటిపేరు తప్ప, ఆ ఊరితో అతనికి వేరే సంబంధం లేదు. భూమి ఉంటే అది ఏనాడో దాయాదుల పట్టాలో కలిసిపోయినది. ఇల్లు ఉంటే గోడలు కూలినవి. చుట్టపు చూపుగా పది రోజులు ఉండవచ్చును. పదకొండవ నాడు బ్రతుకుతెరువు వెతుక్కోక తప్పదు. ఉన్న ఊరు కన్నతల్లి అన్నారు పెద్దలు. వీరికి కన్నతల్లి అక్కడ, పేరు పెట్టిన తల్లి ఇక్కడ.

ఇచ్చినదేమి, నిలిచినదేమి

దేశం విడివడినప్పుడు వచ్చినవారిని నిలబెట్టడం అంతటా ఒకే తీరుగా సాగలేదు. పంజాబులో, పాకిస్తానుకు పోయినవారు విడిచిన పొలాలు మిగిలినవి. అటునుండి వచ్చిన రైతులకు ఆ పొలాలను పంచవచ్చును. భూసారాన్ని బట్టి ఎకరానికి కొలత కట్టి, ఎక్కువ ఉన్నవానికి ఎక్కువ కోత వేసి, తర్లోక్ సింగు అనే అధికారి ఆ పంపకాన్ని నడిపినారు. పోయినంత రాకపోయినా, రైతు మళ్ళీ రైతుగానే నిలిచినాడు. బెంగాలులో అటువంటి వీలు లేకపోయినది. తూర్పు బెంగాలు నుండి ఏళ్ళ తరబడి వచ్చినవారి కొరకు 1958లో దండకారణ్య పథకం పెట్టినారు. కోరాపుట్టు, బస్తరు అడవులలో, అనగా విశాఖ మన్యానికి పొరుగుననే, వారికి భూములిచ్చినారు. నదులు, వరిమళ్ళు, చేపలు ఎరిగిన జనానికి రాతినేల, ఎండ అడవి దొరికినవి. మల్కనగిరిలో ఎందరో ఓపికతో నిలద్రొక్కుకొన్నారు. ఎందరో ఉండలేక 1978లో తిరిగి బెంగాలు దారి పట్టినారు; సుందరవనాలలోని మరిచ్‌ఝాంపీ దీవిలో గుడిసెలు వేసుకొనగా, 1979లో అక్కడి నుండీ పోలీసులు వారిని వెళ్ళగొట్టినారు. అరణ్యవాసం పదునాలుగేళ్ళకు ముగియడం రామాయణంలోనే కాని, కాందిశీకుల బ్రతుకులో కాదు.

బర్మా తెలుగువారి సంగతి ఈ రెండింటికీ భిన్నం. వారికి ఎదురుగా ఎవరూ దేశం విడిచి అటు పోలేదు. కనుక పంచడానికి ఖాళీ అయిన పొలం లేదు. వారు అక్కడ విడిచినది కూడా ఎక్కువగా పొలం కాదు. అంగడి, ఉద్యోగం, చేతిపని. వీటికి కొలత కట్టడం కష్టం. అందుచేత ప్రభుత్వం ఇచ్చినది ముఖ్యంగా కొన్నాళ్ళ తిండి, తలదాచుకొనే శిబిరం, వ్యాపారానికీ ఇంటికీ కొద్దిపాటి అప్పు. సింహళంలోని భారతీయ సంతతిని గురించి 1964 అక్టోబరులో జరిగిన సిరిమావో–శాస్త్రి ఒప్పందంతో అక్కడి నుండీ జనం రావలసివచ్చినది. బర్మా నుండి, సింహళం నుండి వచ్చినవారికి అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో మద్రాసు కేంద్రంగా ఒక సహకార బ్యాంకు ఏర్పడినది. అదే రెప్కో బ్యాంకు. కేంద్ర ప్రభుత్వంతో పాటు ఆంధ్రప్రదేశ్ మొదలైన దక్షిణాది రాష్ట్రాలు అందులో భాగస్వాములైనవి. కాందిశీకుడిని బిచ్చగానిగా కాక ఖాతాదారునిగా చూచిన సంస్థ అది. ఆ భేదం చిన్నది కాదు.

మద్రాసులో రేవు ఎదుట బర్మా బజారు వెలసినది. బర్మా నూడిళ్ళతో చేసే ‘అత్తో’ అక్కడి వీధి తినుబండారం అయినది. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు వెలసినది. క్యాంపు అన్న మాటకు అర్థం కొన్నాళ్ళ మకాం. ఇంటికి గోడలు లేచినవి, పిల్లలు చదివి ఉద్యోగాలకు పోయినారు, ఆ వీధులు నగరంలో కలిసిపోయినవి. పేరు మాత్రం క్యాంపుగానే నిలిచినది. తాత్కాలికమన్న మాట ఒక ప్రాంతానికి శాశ్వతమైన చిరునామా కావడం కాందిశీకుల చరిత్రలో తరచుగా కనుపించే వింత.

వారు నిలిచినది కాలం కూడా కొంత తోడుపడినందున. విశాఖపట్నం ఆ దశాబ్దాలలో చేయి చాచి పెరుగుతున్న ఊరు. 1957లో నూనె శుద్ధి కర్మాగారం వచ్చినది. నౌకానిర్మాణ కేంద్రం 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైనది. 1966లో భారీ లోహపు పలకల, పాత్రల కర్మాగారం స్థాపితమైనది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. బరువు ఎత్తడం, అంగడి నడపడం, యంత్రం దగ్గర నిలబడడం తెలిసినవానికి అటువంటి ఊరు తలుపు పూర్తిగా మూయదు. పల్లెకు పోయినవాని కథ ఇంత సులువు కాదు. పల్లెలో బ్రతుకు భూమి మీద నిలుస్తుంది. భూమి లేనివాడు ఎంత లోకం చూచి వచ్చినా అక్కడ కూలివాడే. తాత ఏ కూలి నుండి తప్పించుకొనడానికి ఓడ ఎక్కినాడో, ఆ కూలే మనుమని కొరకు కాచుకొని ఉన్నది. అందువల్లనే ఓడ దిగినవానికి పూర్వుల ఊరికంటె రేవు పట్టణమే ఎక్కువ దయ చూపినదని చెప్పవచ్చును.

బడి ముందు నిలిచిన పిల్లలు

పెద్దవారికి పని సమస్య అయితే, పిల్లలకు బడి సమస్య. ఇంట్లో తెలుగే మాట్లాడినా, బర్మీ లిపిలో చదువుకొన్న పిల్లవానికి తెలుగు వాచకం కొత్త. వయసుకు తగిన తరగతిలో కూర్చుండబెడితే అక్షరం రాదు. అక్షరానికి తగిన తరగతిలో కూర్చుండబెడితే తోటిపిల్లలు చిన్నవారు. విచిత్రమేమనగా, ఆ రెండు లిపులూ చుట్టాలే. రెండింటికీ మూలం బ్రాహ్మి. రెండూ దక్షిణాది లిపుల శాఖలో పెరిగి, తాటాకు మీద గంటం నడకకు అనువుగా గుండ్రదనం తెచ్చుకొన్నవి. ఒకనాడు ఈ తీరాల నుండి అక్షరం ఓడ ఎక్కి బర్మా చేరినది. శతాబ్దాల తరువాత ఆ అక్షరం నేర్చుకొన్న పిల్లవాడు ఓడ దిగి ఈ తీరాన తడబడినాడు. అటువంటి పిల్లవానికి ‘అ’ దిద్దించిన ఉపాధ్యాయుడు ఏ పునరావాస శాఖ పట్టికలోనూ లేడు. అయినా మనిషిని ఒక ఊరివానిగా చేసేది ఇంటిస్థలం కంటె ముందుగా బడి.

అక్కడ మిగిలిపోయినవారి వైపు చూస్తే ఇదే సంగతి తిరగబడి కనుపిస్తుంది. అందరూ రాలేదు. మయన్మారులో, ముఖ్యంగా రంగూను, పెగూ, మౌల్‌మేను ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నవి. వారు సంఘం కట్టుకొని గుళ్ళు నిలుపుకొంటూ, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పించుకొంటున్నారు. ఇక్కడకు వచ్చినవాడు తెలుగు లిపి నేర్చుకొని తెలుగువాడైనాడు. అక్కడ ఉండిపోయినవాడు తెలుగు లిపి మరువకుండా ఉండడానికి పాటుపడుతున్నాడు. సరిహద్దుకు ఇరువైపులా పని బడిదే.

పేరు మిగిలిన చరిత్ర

ఇంతమంది పోయి వచ్చిన దేశం మన జ్ఞాపకంలో ఎట్లా మిగిలినది? రంగస్థలం మీద సోమరాజు రామానుజరావు వ్రాసిన ‘రంగూన్ రౌడీ’ నాటకంగా మిగిలినది. పాత ఇళ్ళ దూలాలలో బర్మా టేకుగా మిగిలినది. ముసలివారి మాటలలో ‘రంగం’గా మిగిలినది. రౌడీ గుర్తున్నాడు, దూలం గుర్తున్నది. బస్తా మోసినవాడు మాత్రం మరపున పడినాడు. పంజాబు, బెంగాలు విభజనల మీద నవలలు, కథలు, ఆత్మకథలు రాశులుగా వచ్చినవి. అక్కడ ఇల్లు విడిచినవారిలో చదువరులు, లాయర్లు, కవులు ఉన్నారు. వారు తమ బాధను తామే వ్రాసుకొన్నారు. రంగం కూలికి సంతకం రాదు. అతడు వేలిముద్ర వేసి పోయినాడు, వేలిముద్ర వేసి వచ్చినాడు. అతని చరిత్ర అతని నోట వినవలసినదే గాని, అతని చేతివ్రాతలో దొరకదు.

ఆ వినే గడువు దాటిపోతున్నది. 1942లో కొండలు దాటినవారిలో పసివారుగా తల్లి చంకన వచ్చినవారే నేడు ఎనభై దాటినవారు. 1964లో పదేళ్ళ వయసున ఓడ దిగినవారు డెబ్బై దాటినారు. 2022లో జిల్లాగా ఏర్పడిన అనకాపల్లిలోనూ, విశాఖలోనూ, శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలోనూ ఉన్న ప్రతి ఉన్నత పాఠశాల, కళాశాల ఈ పని చేయగలవు. విద్యార్థి తన ఇంటిలో, వీధిలో రంగం ఊసు ఎరిగిన పెద్దవారిని అడిగి తెలుసుకొనవచ్చును. ఏ రేవులో ఓడ ఎక్కినారు? ఏ మేస్త్రీ తీసుకొనిపోయినాడు? ఏ దారిన వచ్చినారు? దిగినప్పుడు చేతిలో ఏమి ఉన్నది? మొదటి రాత్రి ఎక్కడ పడుకొన్నారు? మొదటి కూలి ఎవరు ఇచ్చినారు? ఈ ఆరు ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్లు జవాబులు వ్రాసి తేదీ వేసి బడిలో భద్రపరిస్తే, పెద్ద గ్రంథాలకు అందని చరిత్ర అక్కడ దొరుకుతుంది.

అది కేవలం పాత సంగతుల పోగు కాదు. 2017లో లక్షలాది రోహింగ్యాలు అదే ఆరకాను తీరం నుండి, అదే చిట్టగాంగు దిక్కుకు పరుగెత్తినారు. మనుషులు మారినారు, జెండాలు మారినవి, దారి మారలేదు. ఆ దారిన 1942లో తెలుగువాడు కూడా నడచినాడని ఎరిగిన విద్యార్థి, పత్రికలో కాందిశీకుల బొమ్మ చూచినప్పుడు వారిని పరాయివారిగా చూడడు. ‘ఏ దిక్కునకు పోదును?’ అని అడిగేవాడు ఎప్పుడూ తన భాషలోనే అడుగుతాడు. ఒకనాడు ఆ ప్రశ్న తెలుగులో వినబడినది. దానికి జవాబు చెప్పిన ఊళ్ళలో మన ఊరు కూడా ఉన్నదా, ఉంటే ఏమని చెప్పినది, తెలుసుకొనవలసినది ఈ తరమే.